కోటి పోత

దొరబాబుకి గొంతు పెద్దది. కొలిమి హోరు మీద మనుషులతో మాట్లాడి మాట్లాడి అలా అయిపోయింది. ఫోనులో కూడా అవతలివాడికి చెవుడున్నట్టే అరుస్తాడు. ఆ పొద్దున అతను అరిచిన మాట ఒకటి ఫిషింగ్ హార్బరు దాకా వెళ్లి, అక్కడ వేరే మాటగా మారిపోయి, మధ్యాహ్నానికల్లా తిరిగి అతని గుమ్మం ముందుకే వచ్చి నిలబడింది.

"నీ పంకా ఇప్పుడవదు బావా! కోటి పోత పెట్టుకున్నాం! కోటిది అయిపోనాకే నీది!"

అన్నది అంతే. అవతల ఉన్నది గుణశేఖర్ అనే పడవ యజమాని. లైను తెగి తెగి వస్తోంది, ఇవతల కొలిమికి గాలి కొట్టే గాలిమిషను మోగుతోంది. "ఏటీ? కోటికేటీ?" అని అతను అడగడం, దొరబాబు "అవును బావా, అదే!" అని పెట్టేయడం పక్కనే ఉన్న, బొమ్మలు చేసే రోజారమణి విన్నది. విని పట్టించుకోలేదు. ఆమె ధ్యాసంతా పొయ్యి మీద ఉంది.

కోటి అంటే బొమ్మ. కోటి అంటే మనిషి కూడా. చిక్కంతా అక్కడే వచ్చింది.

దొరబాబు కార్ఖానా గాజువాక ఆటోనగర్ చివర ఉంది. చేపల పడవల అడుగున తిరిగే కంచు పంకాలు పోయడం అతని పని. హార్బరులో సగం పడవలు అతని పంకాల మీదే నడుస్తాయి. ప్రతి పంకా మీదా 'దొ' అని అక్షరం ఉంటుంది, అది చూసుకుని అతను మురిసిపోతుంటాడు కూడా. విగ్రహాలు అతని లైను కాదు. రోజారమణి నెలల తరబడి బతిమాలితే, "సరే మేడమ్, పంకాకీ మనిషికీ తేడా ఏటుంది, రెండూ పోతే కదా" అని ఒప్పుకున్నాడు.

ఇక మనిషి కోటి. అతను వేటకి వెళ్లి తిరిగి రాలేదు. వాయుగుండం వస్తోందని రేడియోలో చెప్పేసరికి అతని పడవ బాగా లోపలికి వెళ్లిపోయింది. మిగతావి ఒక్కొక్కటే వెనక్కొచ్చాయి, అది రాలేదు. గస్తీ బోట్లు వెతికాయి, విమానం తిరిగింది. ఒక చెక్కముక్క కూడా కనపడలేదు. జాలర్ల పేటలో జనం మొదట గట్టిగా ఏడ్చారు. తర్వాత గొంతు తగ్గించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఆ రెండోదే ఎక్కువ భయపెడుతుంది.

శవం దొరకని మనిషికి ఆ పేట పెద్దలు ఒక పద్ధతి పెట్టుకున్నారు. గడ్డితో బొమ్మ చేసి, పోయినవాడి చొక్కా తొడిగి, అమావాస్యనాడు ఒడ్డున కాలుస్తారు. కాలిందంటే మనిషి లెక్కలో లేనట్టే. ఒకవేళ ఎప్పుడైనా ప్రాణాలతో తిరిగొచ్చినా ఏ పడవా అతన్ని ఎక్కించుకోదు. ఒకసారి తగలబెట్టిన మనిషిని సముద్రం మీదికి తీసుకెళ్లే ధైర్యం అక్కడ ఎవరికీ లేదు. కోటి చిన్నాన్న అర్జునరావు అమావాస్య దగ్గర పడుతోందని చొక్కా అడగడానికి వెళ్లాడు. కోటి పెళ్లాం కాసులమ్మ ఇవ్వలేదు. చొక్కాల్ని ట్రంకుపెట్టెలో పెట్టి, పెట్టె మీద కూర్చుంది.

"రేపొస్తే ఏటి సేసి బతుకుతాడు సిన్నమావా? నీళ్ల మీద తప్ప ఆయనకింకేటొచ్చు?" అంది.

ఆ మాట అన్నప్పుడు రోజారమణి గుమ్మంలోనే ఉంది. పరామర్శకని వెళ్లింది. బొమ్మ సంగతి కూడా చెప్పాలనుకుంది. కొలిమి సిద్ధమైందనీ, మైనం బొమ్మ పొయ్యిలోకి వెళ్లబోతోందనీ. చెప్పలేదు. మైనం మైనమే, గడ్డి గడ్డే అని తనకి తాను సర్దిచెప్పుకుని ఇంటికొచ్చేసింది. అది సర్దిచెప్పుకోవడం కాదు, తప్పించుకోవడం. ఆ సంగతి ఆమెకీ తెలుసు.

తొందర ఎందుకంటే దానికీ కారణాలున్నాయి. కొత్త సంవత్సరానికి బీచి పార్కులో బొమ్మ నిలబెట్టాలని పార్కు కమిటీ తరఫున దేవీప్రసాద్ అనే ఆయన రోజూ ఫోను చేస్తున్నాడు. వర్షాలు ఆగడం లేదు. అచ్చు చెమ్మ పట్టిందంటే పోతలో పేలుతుంది. అన్నిటికన్నా, ఆ బొమ్మ రెండోది లేదు. లోపల మట్టి గుండె, దాని మీద తన వేళ్లతో పరిచిన మైనం, ఆ పైన ఇటుకపొడి కలిపిన మట్టి. పొయ్యిలో పెడితే మైనం కరిగి కింది కంతలోంచి కారిపోతుంది. అది ఖాళీ చేసిన చోట కరిగిన కంచు కూర్చుంటుంది. ఈ పనిలో బొమ్మ పోతేనే బొమ్మ వస్తుంది. మధ్యలో ఏది చెడినా రెండూ ఉండవు.

ఆ బొమ్మ ఆమెకి ఊరికే రాలేదు. జెట్టీ పక్కన ఇసకలో కోటి వల బాగుచేసుకుంటుంటే చూసి మొదలుపెట్టింది. వల అంచుని కాలి బొటనవేలికి తగిలించి, ఒళ్లు వెనక్కి వాల్చి, చేతులు కళ్లతో పనిలేకుండా ఆడిస్తాడు. అది పట్టుకుందామని చేసి, చెరిపి, మళ్లీ చేసి విసిగిపోయింది. ఒళ్లు కుదిరితే మొహం కుదరదు. ఒకరోజు కోటి ఆమె పనిచేసుకునే షెడ్డుకొచ్చి చూసి, "మేడమ్, ఈడు వల అల్లతన్నాడా, పన్ను పీకించుకుంటన్నాడా?" అన్నాడు. ఆమెకి ఒళ్లు మండింది గానీ, నిజంగానే బొమ్మ అలాగే ఉంది.

తర్వాతెప్పుడో కాసులమ్మ అన్నం కేరియరు పట్టుకొచ్చి, ఒడ్డు మీంచి "ఇదిగో!" అని కేకేసింది. కోటి తల తిప్పాడు. బొటనవేలు వలని లాగుతూనే ఉంది, మెడ మాత్రం పిలుపు వైపు తిరిగింది, 'ఆఁ' అనడానికి నోరు కొంచెం తెరుచుకుంది. రోజారమణి లేచి నిలబడిపోయింది. అలాగే ఉండమంది. "ఎవులూ పిలవకుండా ఎంతసేపు తిరిగుంటారు మేడమ్?" అని అతను నవ్వాడు. దాంతో కాసులమ్మ చేత పిలిపించింది. ఆమె కేరియరు పక్కన పెట్టుకుని, నవ్వాపుకుంటూ, ఆ రోజూ ఆ తర్వాత చాలా రోజులూ "ఇదిగో! ఇదిగో!" అని పిలుస్తూనే ఉంది. ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదు. మొగుడి పేరు నోట పలకడం ఆమెకి అలవాటు లేదు. ఎవరితో చెప్పినా "పిల్లల నాన్న" అనేది.

మైనంలోకి ఆ మెడ మలుపు వచ్చిన రోజు రోజారమణి షెడ్డులో ఒక్కతే కూర్చుని ఏడ్చింది. సంతోషంతోనే. ఇంతకాలం ఏం చేసినా బొమ్మల్లే ఉండేవి, ఇది మనిషిలా ఉంది.

అలాంటిదాన్ని ఈ పొద్దున ఆమె దగ్గరుండి పొయ్యిలో పెట్టించింది. ఇటుకలు పేర్చారు, కర్రలు సర్దారు, దొరబాబు అగ్గి వేశాడు. మధ్యాహ్నానికి పొయ్యి చుట్టూ గాలి వణకడం మొదలైంది. కింది కంత ముందు పెట్టిన రేకు పళ్లెం వైపు చూస్తూ ఆమె గొంతుక్కూర్చుంది. అప్పుడు ఆటో వచ్చి ఆగింది.

కాసులమ్మ దిగింది. ఒక చేతికి గాజులున్నాయి. రెండో చేతికి లేవు. జుట్టు విడిపోయి ఉంది. వెనకే మోటారుసైకిలు మీద అర్జునరావు వచ్చాడు. అతని వెనక పేట మనుషులు కొందరు.

"ఏడీ?" అంది ఆమె, తిన్నగా దొరబాబు మీదికి నడుస్తూ. "ఎక్కడ దొరికినాడు? ఎవులు సూసినారు?"

"ఎవులమ్మా?" దొరబాబు రెండడుగులు వెనక్కి వేశాడు.

"పిల్లల నాన్న అయిపోనాడని నువ్వే సెప్పినావంట! గుణశేఖర్ బాబు హార్బరంతా సెప్పీసినాడు. నా గాజులు సగం తీసీసినారు, మిగతాయి తియ్యనీకుండా పారొచ్చినాను. సూసినోడు నాకు సెప్పాల. నాకు సెప్పాల!"

అంత గొంతున్నవాడికి ఆ క్షణం గొంతు రాలేదు. "నాను... నాను పోనాడన్లేదమ్మా," అన్నాడు చివరికి. "పోత అన్నాను. పోత! కంచు పోత!" అని, చెబితే చాలదన్నట్టు, రెండు చేతులతో లేని మూకుడు ఎత్తి, లేని అచ్చులోకి వంచి చూపించాడు.

కాసులమ్మ అతని చేతులకేసి చూసింది. చూసి, ఉన్నపళాన నేల మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. "పోతంట సిన్నమావా! పోనాడు కాదంట, పోతంట!" నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. అర్జునరావు కండువాతో మొహం తుడుచుకున్నాడు. వచ్చినవాళ్లలో ఎవరో గుణశేఖర్‌ని గట్టిగా ఒక బూతు తిట్టారు. అందరికీ ఊపిరి వచ్చింది.

అంతలో ఆమె నవ్వు ఆగిపోయింది.

"దేని పోత?" అంది.

దొరబాబు రోజారమణి వైపు చూశాడు.

"పిల్లల నాన్న పేరెట్టి పోత అన్నావంట కదేటి. ఆ పొయ్యిలో ఏటుంది?"

రోజారమణి లేచి నిలబడింది. "బొమ్మ," అంది. "నువ్వు చూసిందే కాసులమ్మా. మైనం బొమ్మ."

"నిప్పెట్టీసినారా?"

పొయ్యి అందరి కళ్లెదుటే మండుతోంది. అర్జునరావు నెమ్మదిగా, తనలో తను అనుకుంటున్నట్టు అన్నాడు: "గడ్డిదయితేటి, మైనందయితేటి. ఆడి రూపం కాలిపోతే ఆడిది అయిపోనట్టే."

"అవలేదు!" కాసులమ్మ అరిచింది. "కరిగితే కదా అయినట్టు! కారిందా? సెప్పు, మైనం కారిందా?"

రోజారమణి పళ్లెం వైపు తిరిగింది. కంత కింద, రేకు మీద, తేనెరంగు బొట్లు కొన్ని పడి ఉన్నాయి. ఇంకొకటి కంత పెదవి మీద ఊగుతోంది. ఈ జనం వచ్చేటప్పుడే పడి ఉండాలి. ఆమె ఏమీ ఆలోచించలేదు. వంగి, పొయ్యికి అడ్డంగా నిలబడి, ఊగుతున్న బొట్టునీ పళ్లెంలో ఉన్నవాటినీ అరచేత్తో తుడిచేసి గుప్పిట మూసింది. చర్మం చుర్రుమంది. పళ్లు బిగబట్టింది.

"లేదు," అంది. "ఇంకా కారలేదు."

"అయితే నిప్పు తీసీయండి."

"ఇప్పుడు తీత్తే అచ్చు పగిలిపోతాది మేడమ్!" దొరబాబుకి గొంతు తిరిగి వచ్చింది. "లోన మైనం మెత్తబడిపోయుంటాది. బొమ్మ జారిపోతాది. మళ్లీ సేద్దామన్నా మనిషి..." అని, ఏమంటున్నాడో తెలిసి ఆగిపోయాడు.

మనిషి లేడు. అందరూ ఆ మాటే అనుకుంటున్నారు. రోజారమణి కూడా అనుకుంది, అనుకున్నందుకు సిగ్గుపడింది. కోటి బతికి లేడని ఆమె మనసుకి ఎప్పుడో తెలుసు. లేని మనిషి కోసం ఉన్న బొమ్మని పోగొట్టుకోవడమా అని లోపలినుంచి ఒక గొంతు అడుగుతూనే ఉంది. తన చేతి కింద ఇంకెప్పటికీ రాని మెడ అది. కానీ ఎదురుగా నిలబడ్డ మనిషికి అతను ఇంకా ఉన్నాడు. పోయాడని చెప్పాల్సింది సముద్రం, లేదంటే ఆమె. తను కాదు, కమిటీ కాదు, అమావాస్య కూడా కాదు.

మూలనున్న ఇనపకొక్కెం తీసుకుంది. కాలిన అరచెయ్యి దాని చుట్టూ బిగిస్తే కళ్లలో నీళ్లు తిరిగాయి. మండుతున్న కర్రల్ని ఒక్కొక్కటే బయటికి లాగింది. దొరబాబు కాసేపు తల పట్టుకుని చూశాడు, తర్వాత అతనూ పార తీసుకున్నాడు. నిప్పులు నేల మీద పరుచుకున్నాయి. అందరూ పొయ్యి వైపే చూస్తూ నిలబడ్డారు. కొంతసేపటికి ఇటుకల లోపల, కుండ పగిలినట్టు, టప్‌మని శబ్దం వచ్చింది. రోజారమణి కళ్లు మూసుకుంది.

కాసులమ్మ నిప్పులన్నీ ఆరేదాకా ఉంది. ఆరాక ఆటో ఎక్కింది.

దేవీప్రసాద్‌కి విషయం చెబితే ఆయన చాలా బాధపడ్డాడు. ఎంత బాధపడ్డాడంటే ఆ వారంలోనే ఫైబరు డాల్ఫిను ఒకటి కొని అక్కడ నిలబెట్టించాడు. పిల్లలు దాని మీదెక్కి ఫొటోలు దిగుతున్నారు.

పగిలిన అచ్చుని రోజారమణి తన షెడ్డుకి తెచ్చి, మట్టిని పెచ్చులు పెచ్చులుగా ఊడదీసింది. ఒళ్లు చాలావరకు నిలిచింది. బొటనవేలు, దానికి బిగిసిన వల అలాగే ఉన్నాయి. మొహం జారిపోయింది. దవడ కిందికి దిగి నోరు ఇంకా పెద్దగా తెరుచుకుంది, మెడ ఇంకొంచెం తిరిగింది. పాత మొహం తెచ్చుకోవాలని వేడి చాకు పట్టుకుని కూర్చునేది. సరిచేసిన ప్రతిసారీ పన్ను పీకించుకుంటున్నవాడే వచ్చేవాడు. చివరికి తన చేత్తో దిద్దిందంతా గీకేసి, నిప్పు వదిలిపెట్టిన మొహాన్నే ఉంచేసింది. మునుపు అతను పిలుపు విని పలకబోతున్నవాడు. ఇప్పుడు పలుకుతూనే ఉన్నాడు, ఇవతలికి వినపడటం లేదు. అది ఆమే ఎక్కువసేపు చూడలేకపోయేది. దాని మీద గుడ్డ కప్పేసి వేరే పనులు చూసుకుంది.

శివరాత్రి దాటాక దొరబాబు ఫోను చేశాడు. ఈసారి అరవలేదు. "ఒకసారి రండి మేడమ్," అన్నాడు, అంతే.

ఆమె వెళ్లేసరికి కార్ఖానా గుమ్మంలో కాసులమ్మ కూర్చుని ఉంది. ముందు గోనెపట్టా మీద, నాచూ గవ్వలూ పట్టిన పడవ పంకా ఒకటి, విరిగిన ఇరుసుతో సహా ఉంది. భీమిలి వైపు వేటకి వెళ్లినవాళ్ల వలకి చిక్కిందట. దొరబాబు ఒక రెక్క మీది గవ్వల్ని గీకి ఉన్నాడు. 'దొ' కనిపిస్తోంది. పక్కనే, పోయినేడాది కోటి తీసుకొస్తే తను వేసిన అతుకు కూడా కనిపిస్తోంది.

"నాదే," అన్నాడు దొరబాబు నేల చూస్తూ. "ఆ పడవదే."

కాసులమ్మ ఏడవడం లేదు. ఒళ్లో మడతపెట్టిన నీలంగళ్ల చొక్కా ఉంది. "సిన్నమావోలు గడ్డిబొమ్మ సేత్తామన్నారు," అంది రోజారమణితో. "నానొద్దన్నాను. బొమ్మ ఉందన్నాను. ఉందా అక్కా?"

"ఉంది."

షెడ్డులో గుడ్డ తీసి చూపిస్తే చాలాసేపు చూసింది. దగ్గరికెళ్లి బొటనవేలు ముట్టుకుంది. మొహం ముట్టుకోలేదు.

"బాగుచెయ్యనా?" అని అడిగింది రోజారమణి. "నువ్వు పక్కనుండి చెబితే ప్రయత్నిస్తాను."

"వొద్దక్కా. ఇలాగే ఉన్నాడు." ఆమె వైపు తిరిగి, "నీ సెయ్యి మానిందా?" అంది.

రోజారమణికి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక అరచెయ్యి తెరిచి చూపింది. మచ్చలు తెల్లగా మిగిలాయి.

"ఆ రోజు సూసినాను నాను," అంది కాసులమ్మ. "కారిపోనాది సూసినాను, నువ్వు తుడిసీసింది సూసినాను."

"మరి అప్పుడేమీ అనలేదే?"

"నువ్వు లేదన్నావు కదా. నాక్కూడా లేదనే కావాల."

కొత్త అచ్చు కట్టి, ఆరనిచ్చి, పొయ్యి పేర్చారు. అర్జునరావు వచ్చాడు, పేటలో పెద్దలు వచ్చారు. కర్రల మధ్య చొక్కా పెట్టి కాసులమ్మే అగ్గిపుల్ల గీసింది. ఈసారి మైనం కారుతుంటే ఎవరూ దాచలేదు. అందరూ చేతులు కట్టుకుని నిలబడి చూశారు. చివరి బొట్టు దాకా ఆమె పళ్లెం దగ్గరే కూర్చుంది.

మర్నాడు పోత. దొరబాబు ఆ పంకాని ముక్కలు చేసి, మిగతా కంచుతో కలిపి మూకుడులో వేశాడు. 'దొ' ఉన్న ముక్క అన్నిటికన్నా ఆఖరికి కరిగింది. గాలిమిషను ఆపేశారు. దొరబాబూ అతని మనిషీ చెరోపక్కా పట్టుకుని మూకుడు ఎత్తారు. అచ్చు నోట్లోకి ఎర్రటి ధార, ఎక్కడా తెగకుండా, దిగడం మొదలైంది. చెమ్మ ఉంటే ఇప్పుడే పేలాలి. పేలలేదు. ధార నిండి, అచ్చు పెదవి దాకా వచ్చి నిలిచింది.

బల్ల మీద దొరబాబు ఫోను మోగింది. అతని రెండు చేతుల్లోనూ ఇంకా మూకుడు ఉంది.

"గుణశేఖరయ్యుంటాడు. ఎత్తమ్మా," అన్నాడు.

కాసులమ్మ ఫోను ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంది. తన పంకా అయిందా లేదా అని అవతల గొంతు అడుగుతోంది. ఆమె అచ్చు నోటి వైపు చూసింది. అక్కడ ఎరుపు మీద సన్నటి పొర కడుతోంది.

"మీది రేపు బాబూ," అంది. "ఇయ్యేల కోటి పోత."

ఆ పేరు ఆమె నోట రావడం అదే మొదలు. రోజారమణి తలెత్తి చూసింది. అర్జునరావు కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"కోటి పోత అయిపోనాది," అంది కాసులమ్మ మళ్లీ, గట్టిగా.

లైను ఈసారి బాగానే ఉంది. అవతల గుణశేఖర్ ఏమిటని అడగలేదు.